కరెంటు ఉద్యోగం: చిత్తూరు సీమలో దాని పుట్టుక, పెంపు, చీలిక

తిరుమల గుడి గోడల మీది శాసనాలను దేవస్థానంవారు 1930 ప్రాంతాలలో సంపుటాలుగా అచ్చువేశారు. సాహిత్య విద్యార్థులకు అవి పరిచయమైనవే. ఏ రాజు ఏ వూరిని దానమిచ్చాడు, ఏ చెరువూ కాలువా బాగుచేయించి పెరిగిన పంటతో ఏ నైవేద్యం జరిపించాడు — ఇదంతా వాటిలో వుంది. ఆ కాలువలో పలుగూ పారా పట్టినవాడెవడో మాత్రం వాటివల్ల మనకు తెలియదు. ఆ దశకం చివరి సంవత్సరాలలోనే చిత్తూరు సీమకు మరోరకం స్తంభాలు దారి పట్టాయి. వాటి మీద చెక్కిన శాసనమేమీ లేదు. ఒక పుర్రె బొమ్మ, ‘అపాయము’ అనే మాట, ఒక నెంబరు, అంతే. ఆ స్తంభాలను భుజాన మోసి నాటినవారి చరిత్ర కూడా కాలువ తవ్వినవారి చరిత్రలాగే పోవలసిందేనా అన్న ప్రశ్న నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది.

మా వైపు పెళ్లిసంబంధాలు మాట్లాడేటప్పుడు ‘కరెంటాఫీసులో పని’ అనే మాట రెండు తరాలపాటు బ్యాంకు ఉద్యోగంతో సమానంగా చెల్లింది. ఇది కొంత ఆలోచించవలసిన విషయం. బ్యాంకు గుమాస్తా సాయంత్రం క్షేమంగా ఇంటికి వస్తాడు. లైన్‌మన్ వస్తాడని ఎవరూ పూచీ ఇవ్వలేరు. వానలో, గాలిలో, నడిరాత్రిలో స్తంభమెక్కే పనిని జనం ఎందుకు అంతగా కోరుకున్నారు? జీతం ఒక్కటే కారణమనడం తేలిక. ఒక పని ‘మంచి ఉద్యోగం’గా దానంతటదే పుట్టదు. చట్టమూ, సంఘమూ, ప్రజల అవసరమూ కలిసి దానిని అలా తయారుచేస్తాయి. అలా తయారైనదాన్ని మళ్లీ విప్పివేయడం కూడా సాధ్యమే. మా జిల్లాలో ఈ రెండూ డెబ్బై ఎనభై ఏళ్లలో జరిగిపోయాయి.

కథ జిల్లా సరిహద్దు అవతల మొదలవుతుంది. కుప్పం, వి.కోట దాటి పడమటికి పోతే కోలారు బంగారు గనులు. 1902 జూన్‌లో కావేరి మీది శివసముద్రం జలపాతం నుంచి 92 మైళ్ల దూరం తీగలు లాగి ఆ గనులకు విద్యుత్తు చేర్చారు. ఆనాటికి ప్రపంచంలోని అతి పొడవైన విద్యుత్ లైన్లలో అది ఒకటి. మైసూరు సంస్థానపు దివాను శేషాద్రి అయ్యరు పాలనలో తలపెట్టిన పని అది. బెంగుళూరు వీధులకు దీపాలు వచ్చింది 1905లో. అంటే మహానగరానికి మూడేళ్లు ముందుగా గనికి కరెంటు పోయింది. ఎందుకో చెప్పనక్కరలేదు: అక్కడ ఇంగ్లీషు కంపెనీ బంగారం తవ్వుతున్నది. ఆ గనుల్లోకి దిగినవారిలో ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల నుంచి వలసపోయిన పేదలు, అందులోనూ దళితులు, ఎక్కువమంది. మా సీమ కూలీకి కరెంటుతో మొదటి పరిచయం తన యింటి దీపంగా కలగలేదు, పరాయి గనిలో యంత్రంగా కలిగింది. (చిత్తూరు జిల్లా అనేది 1911 ఏప్రిల్ 1న గాని ఏర్పడలేదు. జిల్లా కంటె ముందే వలస వుంది.)

మద్రాసు రాజధానిలో ప్రభుత్వ విద్యుత్ శాఖ 1927లో ఏర్పడింది. నీలగిరులలోని పైకారా 1932లో పనిచేయడం మొదలుపెట్టింది; మెట్టూరు ఆనకట్ట కింద విద్యుత్ కేంద్రం 1937లో వచ్చింది. ఈ మెట్టూరు పథకం సేలం, తిరుచినాపల్లి, తంజావూరు, రెండు ఆర్కాటులతోపాటు చిత్తూరు జిల్లాకూ కరెంటునిచ్చింది. మరొకలా చెప్పాలంటే, ఆంధ్ర ప్రాంతంలో చిత్తూరు దీపం కావేరి నీటితో వెలిగింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు రాజ్యం మారింది గాని తీగ మారలేదు. జలపాతం ఒక రాష్ట్రానిది, బల్బు మరొక రాష్ట్రానిది అయి, నిన్నటిదాకా యింటి సొత్తుగా వున్న కరెంటు పొరుగునుంచి కొనవలసిన సరుకయింది. తర్వాత 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసుకు పోయింది, సత్యవేడు వైపు గ్రామాలు మనకు వచ్చాయి. ఎల్లలు గీసినవారు భాషను లెక్కపెట్టారు, వూళ్లను లెక్కపెట్టారు. స్తంభాలు మాత్రం రెండు భాషలవారి పొలాల్లోనూ ఒకే వరుసలో నిలబడి వున్నాయి.

1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడింది. ‘కరెంటు ఉద్యోగం’ అనే మాటకు మా జిల్లాలో నిజమైన అర్థం వచ్చింది అప్పటినుంచే. దానికి కారణం పట్నాలు కావు, బావులు.

మా జిల్లాలో కృష్ణా గోదావరుల వంటి నదులు లేవు. స్వర్ణముఖి, బాహుదా, పించా — ఇవి వాన వచ్చిన నాలుగు రోజులూ నదులు, తక్కిన కాలం ఇసుక. గొలుసుగా కట్టిన చెరువులు, వాటికి తోడు బావులు. ఇదే యిక్కడి సేద్యం. బావికి కపిల కట్టి రెండెద్దులను వెనక్కూ ముందుకూ నడిపిస్తే రోజంతటికీ తడిసేది కొద్దిపాటి మడి. యాతం తొక్కేచోట మనిషే ఎద్దు. మధ్యలో ఆయిలింజను వచ్చింది గాని దాని కిరసనాయిలు ఖర్చు చిన్నరైతు మోయలేనిది. విద్యుత్ మోటారు వచ్చాక మీట నొక్కితే నీళ్లు. చెరకు, వేరుసెనగ, మల్బరీ, తర్వాతి కాలంలో మదనపల్లె వైపు టమోటా — ఈ పంటల వెనుక వున్నది మోటారే. మోటారు వెనుక వున్నది ట్రాన్స్‌ఫార్మరు. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే పైరు ఎండేది వారం రోజుల్లో. కనుక వూళ్లో కరణం, మునసబుల కంటె లైన్‌మన్ రాకకోసం జనం ఎక్కువగా ఎదురుచూశారంటే ఆశ్చర్యం లేదు. “కాస్త వచ్చి చూడప్పా, మడి ఎండిపోతా ఉండాది” అని ఇరవై అయిదేళ్ల కుర్రవాణ్ణి పెద్దరైతు బతిమాలుకోవడం, మా పల్లెల్లో అంతకుముందు లేని దృశ్యం. ఆ కుర్రవాడు ఏ కులంవాడన్నది ఆ నిమిషంలో అడగడానికి ఆ రైతుకు తీరిక లేదు. పని తీరాక గుర్తుకొచ్చేదన్న మాటా నిజమే.

ఈ లైన్‌మన్ ఎక్కడినుంచి వచ్చాడు? చాలామంది గుంతలు తవ్వే కూలీలుగా వచ్చారు. బండి పోని చోటికి స్తంభాన్ని పదిమంది భుజాలమీద చేనుగట్ల వెంట మోసి, గుంతలో నిలబెట్టి, తాళ్లతో సరిచేసేవారు. మస్టరు మీద దినకూలీ. ఎన్.ఎం.ఆర్. అనేవారు. ఏళ్ల తరబడి అలా పనిచేసినవారిలో కొందరు హెల్పరుగా బోర్డు లెక్కలోకి ఎక్కారు. హెల్పరు అసిస్టెంటు లైన్‌మన్ అయ్యాడు, తర్వాత లైన్‌మన్, ఆ తర్వాత అదృష్టవంతుడైతే లైన్ ఇన్‌స్పెక్టరు. గుంత తవ్వినవాడు ముప్ఫై ఏళ్ల తర్వాత పింఛనుతో యింటికి పోవడానికి ఒక నిచ్చెన ఏర్పడింది. ఈ నిచ్చెన ఎవరో దయతలచి వేసినది కాదు. దినకూలీలను పర్మనెంటు చేయాలనీ, చనిపోయినవారి బిడ్డకు ఉద్యోగమివ్వాలనీ అడిగి సాధించినవి సంఘాలు. మా ప్రాంతపు సబ్‌స్టేషను గోడల మీద 1104, 327 అనే అంకెలు చూసినవారు అవి లైను నెంబర్లనుకుంటారు. అవి ఉద్యోగ సంఘాల రిజిస్టరు నెంబర్లు. కార్మికులు తమ సంఘాన్ని పేరుతోకాక అంకెతో పిలుచుకోవడంలో ఒక ఆత్మీయత వుంది. భాషా చరిత్ర రాసేవారు గమనించవలసిన విషయమిది.

పని లోపలి సంగతి ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే తక్కినదంతా బోధపడదు. 11 కె.వి. లైను మీద మరమ్మతు చేయాలంటే లైన్‌మన్ ముందు సబ్‌స్టేషనులోని ఆపరేటరును ‘ఎల్.సి.’ అడగాలి. ఎల్.సి. అంటే లైన్ క్లియర్. రైలువాళ్ల మాటే. ఆపరేటరు ఆ ఫీడరు ఆపి, స్విచ్చి విప్పి, ఎవరికి ఎన్ని గంటలకు ఇచ్చాడో లాగ్ పుస్తకంలో రాసి, అప్పుడు చెబుతాడు. లైన్‌మన్ తన వైపు తీగలకు ఎర్తు తగిలించి అప్పుడు ఎక్కాలి. పని ముగించి దిగి, తనవాళ్లంతా దిగారని చూసుకొని, ఎల్.సి. తిరిగి ఇచ్చేదాకా ఆ లైనులోకి కరెంటు వదలకూడదు. పీలేరు వైపు ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనను, భయమనిపించేది కాదా అని అడిగాను.

“తీగ మంచిది సార్. దానికి మోసం తెలీదు. కరెంటుంటే కొడతాది, లేకుంటే లేదు. ఆడ ఫోన్లో వుండేవోడు ‘కట్ చేసినా, ఎక్కన్నా’ అంటాడే, ఆ మాటను నమ్మాల. ఆ మాట మీదనే ముప్పై ఏండ్లు ఎక్కినా.”

కార్మికుల ఐక్యత గురించి మన పత్రికల్లో ఎన్నో మాటలు వాడాం. ఒకరి నోటిమాట మీద మరొకరి ప్రాణం నిలిచివుండే ఈ యేర్పాటు కంటె స్పష్టమైన నిర్వచనం నాకు కనిపించలేదు. అయినా నేను చదివినంతలో మన కథల్లో ఇంజనీరు వున్నాడు, బిల్లు కట్టలేని గృహస్థు వున్నాడు, షాకు కొట్టి చనిపోయిన రైతు వున్నాడు, ఎల్.సి. అడిగే మనిషి మాత్రం బహు తక్కువ.

ఈ తీగ వెనుక మరింత పెద్ద అల్లిక వుంది. కరెంటును గాదెలో ధాన్యంలా నిలవచేసుకోవడానికి వీలులేదు. ఏ క్షణంలో వాడేది ఆ క్షణంలో పుట్టాలి. సాయంత్రం పీలేరులో వెయ్యి మోటార్లు ఒక్కసారి తిరగడం మొదలుపెడితే ఎక్కడో శ్రీశైలంలోనో ముద్దనూరులోనో యంత్రం ఆ బరువును మోయాలి. మోయలేకపోతే అన్నిచోట్లా వేగం తగ్గుతుంది. 1964లో దక్షిణాది రాష్ట్రాలకు ప్రాంతీయ విద్యుత్ మండలి ఏర్పడింది. అయినా సెకనుకు 50 వుండవలసిన ఆవృత్తి, 2003లో కొత్త క్రమశిక్షణ వచ్చేదాకా, దక్షిణ గ్రిడ్డులో 48 ప్రాంతాలకు పడిపోతుండేది. దాని ఫలితం పట్నవాసికి మందగించిన ఫ్యాను, రైతుకు కాలిపోయిన మోటారు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపురం లైనుతో దక్షిణ గ్రిడ్డు దేశంలోని తక్కిన గ్రిడ్డుతో కలిసింది. కన్యాకుమారి నుంచి కాశ్మీరం దాకా ఒకే లయలో తిరిగే యంత్రం అది. దేశ సమైక్యతపై ఉపన్యాసాలిచ్చేవారు దీన్ని ఎందుకో మరిచిపోతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని చీకటి చేసినప్పుడు ఇతర జిల్లాల లైన్ సిబ్బంది లారీల్లో వెళ్లి స్తంభాలు నిలబెట్టారు. అల్లిక తీగలదే కాదు, మనుషులది కూడా.

ఇక బోర్డు కాలాన్ని కృతయుగమని చెప్పడం నా వుద్దేశం కాదు. స్తంభాలు ముందు పెద్దరైతుల బావుల దాకా పోయాయి, దళితవాడ చివరిది. ఒక్క బల్బు కోసం ‘కుటీర జ్యోతి’ అనే పథకం 1988-89లో పెట్టవలసి వచ్చిందంటే, అప్పటిదాకా ఎన్ని గుడిసెల మీదుగా తీగలు పోయాయో వూహించవచ్చు. 1980ల ఆరంభంలో బావుల మీటర్లు తీసేసి హార్స్‌పవరు లెక్కన ఛార్జీ కట్టే పద్ధతి వచ్చింది. దానితో మోటారు అయిదు హార్స్‌పవరా, ఏడున్నరా అన్నది తూచే తక్కెడ అధికారి కన్నే అయింది. తక్కెడ వున్నచోట ముడుపు వుంటుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మరును రైతులే చందాలు వేసుకొని ట్రాక్టరులో పట్నం తీసుకుపోవడం అందరూ ఎరిగినదే. బోర్డు ఉద్యోగికి గౌరవం ఎంత నిజమో, ‘కరెంటోళ్లు’ అనే మాటలో వుండే ఈసడింపూ అంతే నిజం.

మరొక లోపం ఇంకా లోతైనది. నిచ్చెన మొత్తం మగవాళ్లది. తెలుగు యింట మద్రాసులో 1919లో పుట్టిన అయ్యలసోమయాజుల లలిత, పద్ధెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకొని, చంటిబిడ్డతో గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి, 1943లో విద్యుత్ ఇంజనీరయింది. పట్టాలో అచ్చయివున్న ‘అతడు’ అనే మాట కొట్టేసి ‘ఆమె’ అని చేత్తో దిద్దారని చెబుతారు. 1948 నుంచి కలకత్తాలో విద్యుత్ లైన్లకూ సబ్‌స్టేషన్లకూ నమూనాలు గీసింది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల అంతర్జాతీయ సభకు వెళ్లింది. ఆమె కాగితం మీద గీసిన లైను ఎక్కడానికి మరో స్త్రీకి అనుమతి లేదు. 2019లో తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు స్త్రీలు అర్హులు కారన్నారు. హైకోర్టు కలగజేసుకున్నాక 2020 డిసెంబరులో స్తంభమెక్కే పరీక్ష పెట్టారు. సిద్దిపేట ప్రాంతపు యువతి ఒకామె ఎక్కి చూపించి, 2021లో ఉద్యోగంలో చేరింది. గీయడానికీ ఎక్కడానికీ మధ్య డెబ్బై ఏళ్లు పైగా పట్టింది.

ఇక చీలిక సంగతి. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు పోయి ఉత్పత్తికొక కంపెనీ, సరఫరాకొక కంపెనీ వచ్చాయి. ప్రపంచబ్యాంకు అప్పు వెనకనే వుంది. 2000 ఏప్రిల్ 1న పంపిణీ కంపెనీలు నాలుగు ఏర్పడ్డాయి. వాటిలో దక్షిణ కంపెనీకి తిరుపతి కేంద్రమయింది. కృష్ణా జిల్లా నుంచి చిత్తూరు దాకా కరెంటు లెక్కలన్నీ ఏడుకొండల పాదాల దగ్గరికి వచ్చాయి. ఆ యేడే ఛార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీరుబాగులో వామపక్షాల ప్రదర్శన మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. 2004 మే 14న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి సేద్యానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం చేయడానికి దారి వేసినవాటిలో ఆ కాల్పులూ ఒకటని నా అభిప్రాయం.

ఛార్జీల పోరాటం చరిత్రకెక్కింది. ఉద్యోగం చీలడం మాత్రం చప్పుడు లేకుండా జరిగింది. కొత్త సబ్‌స్టేషన్లు పెరిగాయి, వాటిలో ఎల్.సి. ఇచ్చే షిఫ్టు ఆపరేటరు కాంట్రాక్టరు మనిషి అయ్యాడు. లైను పనికీ కాంట్రాక్టు కూలీలు వచ్చారు. వెనకటి దినకూలీకి ముందు ఒక నిచ్చెన కనిపిస్తుండేది. ఇతనికి ముందు కనిపించేది మళ్లీ వచ్చే టెండరు. పర్మనెంటు వారిలోనూ ఒక గీత పడింది. 1999 ఫిబ్రవరి 1కి ముందు చేరినవాడికి బోర్డు పింఛను. ఆ తర్వాత చేరినవాడికి భవిష్యనిధి మాత్రమే. ఒకే స్తంభం మీద పైమెట్టులో ఒకరు, కిందిమెట్టులో ఒకరు పనిచేస్తూ, వార్ధక్యంలో మాత్రం వేర్వేరు దేశాల పౌరుల్లా వుండబోతారు. 1999కీ 2004 ఆగస్టుకూ మధ్య చేరినవారు ఆ గీత చెరపమని ఎంతోకాలం అడుగుతూ వచ్చారు. తెలంగాణ 2017లో ఇరవై వేలకు పైబడిన కాంట్రాక్టు కార్మికులను ‘ఆర్టిజన్లు’ అనే పేరుతో సంస్థల్లోకి తీసుకుంది. పేరు కొత్తది, లైన్‌మన్‌తో సమానమైన జీతమూ హోదా కోసం వారి అడుగుడు ఆ తర్వాతా ఆగలేదు.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు పెట్టి, జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2 పోస్టులు వేలసంఖ్యలో ప్రకటించారు. ‘ఎనర్జీ అసిస్టెంట్లు’ అన్నారు. ఐ.టి.ఐ. చదివి, అది చాలక మా కళాశాలలో డిగ్రీకి చేరిన పిల్లలు కొందరు క్లాసులు మాని స్తంభాలెక్కడం నేర్చుకోవడానికి పోయారు. స్తంభమెక్కాలి, సైకిలు తొక్కాలి, మీటరు చదవాలి; ఇదీ పరీక్ష. నేను అడ్డు చెప్పలేదు. ప్రబంధాల వర్ణనలు నేర్చుకున్నా వారికి దొరికేది ప్రైవేటు బడిలో నెలకు ఎంతో నాకు తెలుసు. ఎంపికైనవారికి రెండేళ్లపాటు నెలకు 15,000 రూపాయల స్థిరవేతనం. అయినా వూళ్లలో పండుగ చేశారు. ఆ పాత మాట విలువ ఇంకా పూర్తిగా చావలేదు. వారిలో ఒకడు చేరిన ఆరు నెలలకు కనిపించి, “మేము ఎల్.సి. అడిగేది మాకంటే పదేండ్లు సీనియరైన అన్నను సార్. పని మాకు నేర్పింది ఆయనే. ఆయన ఇంకా కాంట్రాక్టే” అన్నాడు. ఆ అన్నకు ఆ పరీక్ష రాసే వయసు దాటిపోయిందట.

ఇటీవలి సంవత్సరాలుగా మార్చి 4ను ‘లైన్‌మన్ దివస్’గా జరుపుతున్నారు; శాలువా కప్పుతారు, కొత్త హెల్మెట్టు ఇస్తారు. 2022 ఆగస్టు 8న పంపిణీలోకి ఒకేచోట పలు సంస్థలను అనుమతించే సవరణ బిల్లును లోక్‌సభలో పెట్టినప్పుడు, దేశమంతటా ఇదే లైన్‌మన్లు విధులు మాని బయటికి వచ్చారు. బిల్లు స్థాయీసంఘానికి పోయింది. 2023 ఆగస్టులో మన రాష్ట్రంలో ఉద్యోగ సంఘాలు సమ్మె నోటీసిచ్చి, చర్చల తర్వాత విరమించుకున్నాయి. వారి కోరికల పట్టికలో వేతన సవరణ వుంది, కాంట్రాక్టు కార్మికుల సంగతి కూడా వుంది. వేతన సవరణ గురించి పత్రికలు మొదటి పేజీలో రాశాయి.